కార్తీకం ఆఖరి వారం: 88 ఏళ్ల అత్తగారిని బెంగళూరు శెనక్కాయల పరిషెకు (జాతరకు) తీసుకెళ్లొచ్చా? మిగతా పనులు ఎలా సర్దుకోవాలి?

రత్నమ్మ, బనశంకరి (గురువారం)

అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్లు. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మొదటి పదేళ్లూ ఊరికీ ఊరికీ కాల్స్ చేత్తో కలిపే ట్రంక్ బోర్డు మీదే. ఒకేసారి పది దీపాలు వెలిగినా ఏది ఆర్డినరీ, ఏది అర్జెంట్, ఏది అన్నిటికన్నా ముందు కలపాల్సిన లైట్నింగ్ కాలో చూసుకుని ఒక్కోటి కలిపేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో వచ్చే వారం అన్నీ అర్జెంటే. ఏది ముందో, ఏది వెనకో తేల్చుకోలేక మీ ముందు పెడుతున్నాను.

ఆదివారం మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లందరం కలిసి వనభోజనాలు. సంపు పక్కన పెద్ద ఉసిరి చెట్టుంది, దాని కింద. 35 మంది. పులిహోర, గారెలు నావే. ఈ వనభోజనాలు మొదలుపెట్టిందే నేను కాబట్టి కాదనలేకపోయాను. సోమవారం ఉపవాసం. అదే రోజు అనంతపురం నుంచి ఆడబిడ్డ, అల్లుడు, ఇద్దరు పిల్లలు కడలెకాయి పరిషె, అంటే బసవనగుడిలో కార్తీకం ఆఖరి సోమవారం జరిగే శెనక్కాయల జాతర చూడటానికి వస్తున్నారు. బుధవారం మావారికి కుడి కంటికి శుక్లం ఆపరేషన్. శుక్రవారం పోలిపాడ్యమి. ఇవన్నీ కాక నెలాఖరులోపు అత్తగారి లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నారని ఏటా ఇచ్చేది) ఇవ్వాలి. మా మామగారు గుంతకల్లులో రైల్వే గార్డు. ఆయన పోయాక ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది.

ఈ సర్టిఫికెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పోయినేడాది ఆమెను ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్లాం. వేలిముద్ర పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఆ చెయ్యి, ఈ చెయ్యి, తుడిచి ఒకసారి, తడిపి ఒకసారి. ఆమె బొటనవేలు ఎప్పుడైనా పట్టుకుని చూస్తే అరగదీసిన గంధపుచెక్కలా నున్నగా ఉంటుంది, ఒక్క గీత కనిపించదు. డెబ్బై ఏళ్లు రోకలి పట్టి, పిడకలు చేసి, అంట్లు తోమిన చెయ్యి. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి విసుక్కోలేదు గానీ, వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. చివరికి కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె "నేను బతికే ఉన్నానని నా వేలికి కూడా తెలీదా రత్నా" అంది. ఆ మాట ఏడాదిగా నా చెవిలోనే ఉంది. ఈసారి ఆమెను అలా నిలబెట్టదలచుకోలేదు.

అసలు ప్రశ్న ఇంకోటి. మొన్న రాత్రి కాళ్లు పడుతుంటే అత్తగారు "ఈసారి పరిషెకు నన్నూ తీసుకుపో" అంది. 1983లో నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నన్ను బసవనగుడికి మొదట తీసుకెళ్లింది ఆమే. బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా శెనక్కాయల కుప్పలు. పంట మేసిపోతున్న బసవన్నకు రైతులు తొలి కాయ మొక్కుకున్న కథ ఆ కుప్పల మధ్య నడుస్తూనే చెప్పింది. మోకాళ్లు పట్టేసి ఆరేళ్లుగా ఆమె బ్యాంకు లాంటి తప్పని పనికి తప్ప గేటు దాటలేదు. ఆమె నన్ను ఏదీ అడగదు. అడిగిన ఈ ఒక్కటీ కాదనాలని లేదు. కానీ ఆఖరి సోమవారం అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. మీలో ఎవరైనా ఇంత వయసువాళ్లను తీసుకెళ్లారా?

విశ్రాంత పోస్ట్‌మాస్టర్, రాజాజీనగర్

రత్నమ్మగారూ, సర్టిఫికెట్ గురించి టెన్షన్ వదిలేయండి. వేలిముద్ర అక్కర్లేదు, ముఖంతోనే అవుతుంది. 2021 నవంబర్ నుంచి ఈ పద్ధతి ఉంది. మీ అబ్బాయి ఫోన్‌లో రెండు యాప్‌లు వేయించండి: 'ఆధార్ ఫేస్ ఆర్‌డీ', 'జీవన్ ప్రమాణ్'. ముందు ఫోన్ పట్టుకునేవాళ్ల ఆధార్, వాళ్ల ముఖం అడుగుతుంది. అది అయ్యాక మీ అత్తగారి ఆధార్, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు, మొబైల్ నంబరు. పీపీఓ నంబరు ఫ్యామిలీ పెన్షన్‌దే ఇవ్వాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఫ్యామిలీ పెన్షన్ కాబట్టి మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని కూడా అడుగుతుంది. పెద్దావిడ నొచ్చుకోకుండా ముందే చెప్పి ఉంచండి, అది అందరినీ అడిగేదే.

ముఖం మీద వెలుతురు పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. వెనక గోడ ఖాళీగా ఉంటే మంచిది. కళ్లు ఆర్పమంటుంది, ఆర్పాలి. పని పూర్తయితే ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, రాసి పెట్టుకోండి.

ఫోన్‌తో కాకపోతే పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలవండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా చేస్తారు, 70 రూపాయలు తీసుకుంటారు. ఇంకో మాట. 80 దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. వచ్చే ఏడాది ఈ కార్తీకం రద్దీలో పెట్టుకోకండి, దసరాల్లోనే ముగించేయండి.

హిమ, గాంధీ బజార్

అమ్మా, నేను పుట్టి పెరిగింది పరిషె పక్క వీధిలోనే. సోమవారం వద్దే వద్దు. సాయంత్రం నాలుగు తర్వాత మనిషిని మనిషి తోసుకుపోవడమే. కానీ పరిషె ఒక్కరోజుది కాదు. అంగళ్లు ముందే వేస్తారు, తర్వాత కూడా కొన్ని రోజులుంటాయి. మంగళవారం పొద్దున ఆరున్నర, ఏడు మధ్య రండి. రాత్రి కుప్పల పక్కనే పడుకున్న రైతులు లేచి గోనెపట్టాలు తీస్తుంటారు. దారి ఖాళీగా ఉంటుంది, దుమ్ము లేచి ఉండదు.

వీల్‌చైర్ దొరికితే రామకృష్ణ ఆశ్రమం వైపు నుంచి కాస్త దూరం తోసుకురావొచ్చు. బసవన్న దగ్గరికి మెట్లున్నాయి, ఎక్కించే పని పెట్టుకోకండి. కింద దొడ్డ గణపతిని బయటి నుంచి చూపించి, అక్కడి నుంచే బసవన్నకు దండం పెట్టించండి. గుడ్డసంచి మరవకండి. మీ ఆడబిడ్డగారు వాళ్లను సోమవారం మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ ఎక్కించేయండి, నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడిచొస్తారు. మీరు వాళ్ల వెంట తిరగనక్కర్లేదు.

సుధ, జయనగర్

అక్కా, కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. 35 మందికి గారెలు ఈ వారంలో మీరు చేయకూడదు. రెండు లీటర్ల గ్రైండర్‌లో పప్పు ఎన్ని వాయిలు రుబ్బుతారు? ఎన్ని గంటలు మూకుడు ముందు నిలబడతారు? మర్నాడు ఉపవాసం, ఆ తర్వాత ఆసుపత్రి. పోయినేడాది మా అమ్మ సరిగ్గా ఇలాగే అన్నీ నెత్తినేసుకుని కార్తీక పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించి లేవబోయి కళ్లు తిరిగి పడింది. మణికట్టు విరిగింది. అందుకే ఇంత చెప్తున్నాను.

గ్రూపులో ఇలా రాయండి: "పులిహోర నాది. గారెలు ఈసారి బయట వంటవాళ్లకు చెబుదాం, ఇంటికింత వేసుకుందాం." కారణం ఒక్క ముక్కలో చెప్పండి, బుధవారం ఇంట్లో ఆపరేషన్ అని. ఎవరూ ఏమీ అనరు. మీరు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? రిటైరైన ఆడమనిషికి బోలెడు తీరిక అనుకుంటారు అందరూ. ఆ తీరిక ఎక్కడుందో మనకే తెలీదు.

కేశవ, ఒకప్పటి టెలిగ్రాఫ్ ఉద్యోగి

రత్నమ్మగారూ, మీరు ట్రంక్ బోర్డు అనగానే చేతులాగక రాస్తున్నాను. ఆర్డినరీ కాల్ రేపటికి ఆగుతుంది, అర్జెంట్ కాల్ సాయంత్రానికి ఆగుతుంది. మీ అత్తగారు అడిగిందే లైట్నింగ్ కాల్. ముందు అది కలపండి.

ఆపరేషన్ తేదీ మార్చకండి. నాకు రెండు కళ్లకూ అయింది. తర్వాత కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడకూడదు, వంగి బరువులెత్తకూడదు, దుమ్ములో తిరగకూడదు. కాబట్టి మీవారు పరిషె చూడాలన్నా, వీల్‌చైర్‌కు ఓ చెయ్యి వేయాలన్నా బుధవారానికి ముందే. చుక్కల మందులు ఒకటికి మించి ఇస్తారు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి. జ్ఞాపకం మీద వదిలేయొద్దు.

రత్నమ్మ, బనశంకరి (తర్వాతి గురువారం)

అందరికీ పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ టైము లేదు. జరిగింది రాస్తాను.

సుధమ్మా, నువ్వు చెప్పిన మాటలే గ్రూపులో పెట్టాను. వేలు వణికింది. ఐదు నిమిషాల్లో మూడో అంతస్తు కర్నూలు అమ్మాయి "ఆంటీ, గారెలు మా అత్తమ్మా నేనూ చూసుకుంటాం" అంది. బయట చెప్పాల్సిన పనే పడలేదు. ఇన్నేళ్లుగా ఆ అమ్మాయికి గారెలొచ్చని నాకు తెలీదు, ఎప్పుడూ అడగలేదు. చక్కగా కుదిరాయి, అల్లం కాస్త ఎక్కువ.

సర్టిఫికెట్ ఆదివారం సాయంత్రమే అయిపోయింది. మా అబ్బాయి ఫోన్ పట్టుకున్నాడు. ఫొటో తీస్తున్నాడనుకుని అత్తగారు కళ్లు పెద్దవి చేసి బిగబట్టి కూర్చుంది, ఆర్పదు. మూడుసార్లు కాలేదు. నాలుగోసారి నేను ఎదురుగా కూర్చుని "అత్తయ్యా, నన్ను చూడు, నేను ఆర్పినట్టే ఆర్పు" అన్నాను. ఆర్పింది. మెసేజ్ వచ్చింది. "అయిపోయిందా? వేలు వద్దా?" అని రెండుసార్లు అడిగింది. వద్దన్నాక చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది.

సోమవారం ఆడబిడ్డ వాళ్లు మెట్రోలో వెళ్లొచ్చారు. మంగళవారం కింది ఫ్లాట్ వాళ్ల వీల్‌చైర్ అడిగి తీసుకుని ఆరున్నరకు బయల్దేరాం. హిమా, నువ్వు చెప్పినట్టే ఉంది. ఒక కుప్ప దగ్గర ఆమె ఆపమంది. కుప్పలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "గలగలమంటే ఎండిన కాయ, ఉడకబెట్టడానికి పనికిరాదు" అని పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది, చప్పుడు రాలేదు, నాకిచ్చింది. అమ్మేది చింతామణి వైపు రైతు, తెలుగే. "అవ్వా, నువ్వు కాయ తెలిసినదానివే" అని సేరు కొలిచాక రెండు దోసిళ్లు ఎక్కువ పోశాడు. ఆమె డబ్బులు తన కొంగుముడి విప్పి తనే ఇచ్చింది. నన్ను ఇవ్వనివ్వలేదు. గణపతి దగ్గర ఆగి, బసవన్న ఉన్న వైపు తిరిగి ఒక గుప్పెడు కాయలు పైకెత్తి చూపించి మళ్లీ సంచిలో వేసింది.

నిన్న మావారి ఆపరేషన్ బాగానే అయింది. ఈ పొద్దున కట్టు తీశారు. గోడ మీది క్యాలెండర్ అంకెలు దూరం నుంచే చదివి వినిపించారు. గళ్ల కాగితం గీశాను, కేశవగారూ.

రేపు పోలిపాడ్యమి. చెరువు దాకా వెళ్లే ఓపిక లేదు, బాల్కనీలో పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి అరటిదొప్పలో దీపాలు వదులుతాను. అత్తగారు వత్తులు చేస్తోంది. వంటింట్లో శెనక్కాయలు ఉప్పు వేసి కుక్కర్లో పెట్టాను, రెండో విజిల్ వచ్చింది. మూడు గంటల చుక్కల మందు వేళయింది. ఉంటాను.