పట్టు జిగురు తీయడానికి సబ్బుకు బదులు ఏ నాన్ అయానిక్ సర్ఫ్యాక్టెంట్ వాడాలి?

నల్లగొండ జిల్లా గట్టుప్పల్‌లో పట్టు నూలుకు రంగు అద్దే ముందు సబ్బు, సోడా వేసి కాచి జిగురు తీస్తాము. బోరు నీటి కాఠిన్యం వల్ల సబ్బు తెల్లటి తెట్టుగా మారి నూలును అంటుకోవడంతో రంగు సమంగా ఎక్కడం లేదు. సబ్బులా శుభ్రపరిచే పదార్థాలైన సర్ఫ్యాక్టెంట్లలో నాన్ అయానిక్ రకాలకు విద్యుదావేశం లేదు గనుక, నీటి కాఠిన్యానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియంలతో ఆ బాధ ఉండదు. అయితే వాటిలో ఇథిలీన్ ఆక్సైడ్ చేర్చి తయారుచేసే ఇథాక్సిలేట్ రకాలు ఒక ఉష్ణోగ్రత దాటగానే నీటిలో కరగక మబ్బుపడతాయి, ఇథిలీన్ ఆక్సైడ్ పాళ్లు పెరిగే కొద్దీ ఆ హద్దు పైకి జరుగుతుంది. 90 డిగ్రీలు దాటే మా తొట్టికి లారిల్ ఆల్కహాల్ ఇథాక్సిలేట్‌లో 9 మోల్ (ఒక్కో ఆల్కహాల్ అణువుకు 9 పాళ్ల ఇథిలీన్ ఆక్సైడ్) చాలుతుందా, ఇంకా పైది కావాలా? నోనైల్ ఫినాల్ రకం చేపలకు హాని చేసే పదార్థంగా విడిపోతుంది. మా మురుగు చేరేది చెరువుకే కాబట్టి, చవకైనా అది వద్దు. సబ్బు పూర్తిగా మానేస్తే, పోగు బలం తగ్గకుండా సోడా ఎంత వేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.