ఆర్మ్ బోర్డు కోర్ ఫైలు: బ్యాక్‌ట్రేస్ నిండా ప్రశ్నార్థకాలే, ఎవరైనా దారి చెప్పరూ

మాది పర్లాకిమిడి. మిల్లులో ధాన్యం కాటా నుంచి తూకాలు ఎక్కించుకునే సీ ప్రోగ్రాం నేనే రాశాను, 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ బోర్డు మీద నడుస్తోంది. వారంగా రోజుకోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని తాకి) పడిపోతోంది, అదీ సరిగ్గా బస్తా కాటా మీదుండగా. హమాలీలు నావైపు చూసే చూపు గురించి చెప్పక్కర్లేదు.

కోర్ ఫైలు (పడిపోయిన క్షణంలో ప్రోగ్రాం మెమరీ నకలు) పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి లాప్‌టాప్‌లో జీడీబీ డీబగ్గర్‌కి ఇస్తే, ఇది కోర్ డంపే కాదు పొమ్మంది. 'ఫైల్' కమాండుతో చూస్తే జడ్‌స్టాండర్డ్ కంప్రెషన్‌తో కుదించి ఉంది (బోర్డు లినక్స్‌లోని సిస్టమ్‌డీ దాచిన చోటి నుంచి యథాతథంగా తెచ్చాను మరి). విప్పాను. అయినా అదే పాట. లాప్‌టాప్‌ది ఎక్స్86 ప్రాసెసర్, ఆర్మ్ కాదు కదా అని అప్పుడు తట్టింది! జీడీబీ మల్టీఆర్క్ (వేరే రకం ప్రాసెసర్ల ఫైళ్లూ చదివేది) ఎక్కించాక తెరుచుకుంది గానీ, 'బీటీ' (బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) కొడితే పైనుంచి కిందిదాకా జంట ప్రశ్నార్థకాలే.

బోర్డులో ఉన్నది స్ట్రిప్ చేసిన (ఫంక్షన్ల పేర్లు, డీబగ్ సమాచారం తీసేసిన) ప్రోగ్రాం. అదే సోర్సుని ఇప్పుడు డీబగ్ సమాచారంతో మళ్లీ కంపైల్ చేస్తే ఈ పాత కోర్‌కి అడ్రసులు కలుస్తాయా? బిల్డ్ ఐడీ (ఏ బిల్డో చెప్పే గుర్తు) వేరైతే ఆ లైన్ నంబర్లు నమ్మొచ్చా? బోర్డులోని లిబ్‌సీ (సీ లైబ్రరీ) వగైరా తెచ్చి సిస్‌రూట్ (జీడీబీ లైబ్రరీలు వెతికే ఫోల్డరు) చూపించాల్సిందేనా, లేక బోర్డులోనే జీడీబీ పెట్టుకోవడం నయమా? దాని ర్యామ్ 512 ఎంబీయే. కోర్ ఫైలు చెరపకుండా ఉంచాను.