ఈ వారం సమస్య: "మాట వినని వాడె మంచి హితుడు"

నల్లగొండ, పాలమూరు పద్యమిత్రులకు నమస్కారం. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

మాట వినని వాడె మంచి హితుడు

పై మూడు పాదాలు మీవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రల అక్షరాల గుంపులు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) నియమం లేదు కాబట్టి కొత్తవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు. కాలేజీ రోజుల్లో చిన్న ప్రోత్సాహంతో మన బతుకుదెరువు చూపించిన స్నేహితుడి మీద రాయండి. మాట వినకపోవడం మంచితనం ఎట్లయిందో పద్యంలోనే తేలాలి. కింద వివరణ రాసి నెట్టుకొస్తే కుదరదు.

దేవరకొండ సభ్యుడు:

చదువు చాలునన్న శాంతించ కాతండు
పత్ర మొకటి నింపి పంపి వచ్చె
బడిని నేడు నిలచి పాఠాలు చెప్పుదు
మాట వినని వాడె మంచి హితుడు

బీఈడీ ఎంట్రన్స్ సంగతి సార్ ఇది. ఇంట్లో ఇబ్బందుల వల్ల వద్దన్నాను. దరఖాస్తు ఫీజు కూడా వాడే కట్టాడు. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను.

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి. చ–శా, ప–పం, బ–పా యతులు కుదిరాయి. "నింపి పంపి వచ్చె" అన్నచోట ఆయన హడావుడి కళ్లకు కడుతోంది, చాలా బాగుంది. "శాంతించక" అంటే మాత్రం ఆయన కోపగించినట్టు వినిపిస్తోంది. అక్కడ "సమ్మతింపక తాను" అనండి. గణం చెడదు, యతి చెడదు, ఆయన పట్టుదల నిలుస్తుంది.

వనపర్తి అక్క:

గేలి చేయ జనులు గెలుతు వీవని పల్కె
తోడు నిలిచి నాకు తొలుత తాను
పలుచ జేయు వారి పరిహాసపూరిత
మాట వినని వాడె మంచి హితుడు

గద్వాల పెద్దాయన: అమ్మా, అందరూ "నా మాట వినని వాడు" అనే దారిలో పోతుంటే నువ్వు "లోకుల మాట వినని వాడు" అన్నావు. సమస్య ముడి విప్పడమంటే ఇదే. ఒక్క దోషం ఉంది. "పరిహాసపూరిత" సంస్కృతం, దాని వెంట "మాట" తెలుగు. రెండూ అతికితే వైరి సమాసం. "పరిహాసముల గూడు మాట" అని దిద్దుకో. విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల అని పేరున్న సంస్థానం మాది, ఈ విషయంలో నేను ఊరుకోలేను.

వనపర్తి అక్క: దిద్దుకున్నాను బాబాయ్. డిగ్రీలో స్టేజీ మీద నా గొంతు వణికితే హాలంతా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఆ అబ్బాయి ఒక్కడే "చెప్పు, ఆపకు" అన్నాడు. నేనిప్పుడు కోర్టులో వాదిస్తున్నాను.

నిర్వాహకుడు: నాదీ ఒకటి.

దాచుమన్న కవిత తరగతి నిండార
చదివి వినగ జేసె సంతసించి
కలము పట్టి బతుక కారణ మతడాయె
మాట వినని వాడె మంచి హితుడు

నల్లగొండలో చదువుకునేటప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసొచ్చి, గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే ఆ నీడ మీద నోట్‌బుక్ వెనక పేజీలో నాలుగు ముక్కలు రాసుకున్నాను. ఎవరికీ చూపించొద్దని నా స్నేహితుడితో అన్నాను. మర్నాడు తెలుగు క్లాసులో లేచి చదివేశాడు. మా సార్ "ఎవరిదిరా ఇది?" అని అడిగారు. వాడు నా వైపు చెయ్యి చూపించాడు. పేపర్ ఆఫీసులో నా ఉద్యోగానికి బాట పడింది ఆ క్షణంలోనే.

కల్వకుర్తి సభ్యుడు: అన్నా, పద్యం బాగుంది. కానీ అడగకుండా చదవడం అందరికీ మేలవుతుందా? క్లాసు నవ్వి ఉంటే మీరు మళ్లీ కలం పట్టేవారా?

నిర్వాహకుడు: న్యాయమైన ప్రశ్న తమ్ముడూ. పట్టేవాణ్ని కాదేమో. అయితే ఆ కవిత వాడికి నిజంగా నచ్చింది. నచ్చకపోతే మొహం మీదే చెప్పే మనిషి. అందుకే "సంతసించి" అన్నాను. ఆ మాట తీసేస్తే వాడు అల్లరివాడు అయిపోతాడు, పద్యం అబద్ధం అవుతుంది.

గద్వాల పెద్దాయన: ఒప్పుకున్నా. "దాచుమన్న" అని మొదట్లోనే అనడంతో నాలుగో పాదం దానంతటదే అతికింది. మూడో పాదంలో "కారణమతడాయె" కొంచెం వచనంలా ఉంది, ఇంకోసారి చూడు.

నిర్వాహకుడు: చూస్తాను గురువుగారూ. మిగతావాళ్లు ఆదివారం రాత్రిలోగా పంపండి.