డిశ్చార్జి బుక్కులో పాత పేరు: మార్పించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

బ్రాడీపేట హవల్దార్:
అందరికీ నమస్కారం. 1994లో సైన్యంలో చేరి, 17 ఏళ్లు చేసి, 2011లో హవల్దారుగా పింఛనుతో ఇంటికి వచ్చాను. చేరింది మగ పేరుతో. ఇప్పుడు నేను ట్రాన్స్ మహిళను, గుంటూరులో ఉంటున్నాను. పాత పేరు ఇక్కడ రాయను, కాగితాల్లో ఉన్నది చాలు. 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం కింద కలెక్టర్ ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం చేతికి వచ్చింది. డిశ్చార్జి బుక్కు (సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం), పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు), మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు, మిలిటరీ క్యాంటీన్ కార్డు మాత్రం ఇంకా పాత పేరుతోనే ఉన్నాయి. మొన్న క్యాంటీన్ కౌంటరు దగ్గర కార్డు ఇస్తే "ఆయన్నే రమ్మనండి, వేరేవాళ్లకు ఇవ్వం" అన్నారు. ఆ ఆయన నేనేనని చెబుదామంటే వెనుక పదిమంది నిలబడి ఉన్నారు. నోరు పెగల్లేదు. బుట్టలో వేసుకున్న సబ్బులు, నూనె డబ్బా అక్కడే పెట్టేసి వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కొరిటెపాడు కుర్రాడు:
అన్నగారూ, ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మా నాన్నగారి కాగితాలన్నీ అక్కడి నుంచే కదిలాయి.
(అక్కగారూ అని రాయాల్సింది. చదవకుండానే పంపేశాను, క్షమించండి.)

బ్రాడీపేట హవల్దార్:
పరవాలేదు తమ్ముడూ. మా అమ్మకే రెండేళ్లు పట్టింది.

పటమట సాబ్:
నేను రికార్డ్ ఆఫీసులో క్లర్కుగా ఇరవై రెండేళ్లు ఇవే కాగితాలు తిప్పాను. సైనిక సంక్షేమ కార్యాలయం మీ దరఖాస్తు చూసి, సంతకం పెట్టి పైకి పంపుతుంది. అసలు రికార్డు అక్కడ ఉండదు, మీ కోర్ (సైన్యంలో మీరు పనిచేసిన విభాగం) రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. మరమ్మతుల విభాగం ఈఎంఈ, సామగ్రి విభాగం ఆర్డ్‌నెన్స్ వాళ్లయితే సికింద్రాబాద్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్డు. వైమానిక దళంలో ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రతో పార్కు, నావికులకు ముంబయి మాన్‌ఖుర్ద్. ముందు షీట్ రోల్‌లో, అంటే అక్కడున్న మీ సర్వీసు రికార్డులో, పేరు మారాలి. ఆ తర్వాత రికార్డ్ ఆఫీసు రాస్తే, ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల ప్రధాన కార్యాలయం కారిజెండం పీపీవో, అంటే సవరించిన పీపీవో, ఇస్తుంది. పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో మీరు లాగిన్ అయి ఎంత కుస్తీ పట్టినా సొంత పేరు మారదు. మిగతా కార్డులన్నీ పీపీవో వెనకాలే నడుస్తాయి.

దరఖాస్తు మొదటి వరుసలోనే సర్వీసు నంబరు రాయండి, పేరు తర్వాత. ఫైలు వెతికేవాడికి కావలసింది నంబరే. ఇంకొక మాట. డిశ్చార్జి బుక్కులో గుర్తింపు చిహ్నాలు అని ఒక గడి ఉంటుంది. పుట్టుమచ్చో గాయం మచ్చో భర్తీ రోజున రాసి ఉంటారు. దాన్ని అఫిడవిట్‌లో అక్షరం పొల్లు పోకుండా ఎక్కించండి. పేరు, ఫోటో మారినా మచ్చ మారదు కదా.

బ్రాడీపేట హవల్దార్:
ఇప్పుడే తీసి చూశాను సాబ్. "కుడి కనుబొమ్మపై కోసిన మచ్చ." ఆరేళ్లప్పుడు మా ఊళ్లో బావి గిలక తగిలి పడింది. ఇన్నాళ్లూ కాటుకతో కప్పుకుంటున్నాను!

గవర్నర్‌పేట దస్తావేజులు:
అఫిడవిట్లు టైపు చేయడమే నా పని కాబట్టి నా చేతి మీదుగా జరిగిన పొరపాటు ఒకటి చెబుతాను. ఆ 2019 చట్టం 7వ సెక్షన్‌లో, ధ్రువపత్రం ఉన్నవారు "మొదటి పేరు" మార్చుకోవచ్చని ఉంది. మనకు మొదట వచ్చేది ఇంటిపేరు. ఒకరి దరఖాస్తులో మొదటి పేరు అన్న గడిలో ఇంటిపేరు పడింది, నేను చూసుకోలేదు. కాగితాల ప్రకారం ఆవిడ పాత మగ పేరు పదిలంగా ఉంది, తాతల నాటి ఇంటిపేరు మాత్రం ఎగిరిపోయింది! మళ్లీ స్టాంపు కాగితం, మళ్లీ నోటరీ, మళ్లీ పత్రికలో ప్రకటన. ఖర్చు నేనే పెట్టుకున్నాను. అందుకని ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా రాయించండి. సైన్యంలో మీ ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించి ఉంటే అదీ యథాతథంగా చూపించండి.

తెనాలి సోదరి:
మా అక్క కూడా మాజీ సైనికురాలే, ట్రాన్స్ మహిళ. మా అనుభవంలో తేలింది ఒకటే: ఆధార్‌ను తొందరపడి మార్చవద్దు. ధ్రువపత్రం రాగానే సంబరంగా ఆధార్ మార్పించేశాం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర వేస్తే ఆధార్‌లో ఒక పేరు, పింఛనులో ఇంకొక పేరు. తిప్పి పంపారు, పింఛను ఆగింది. తప్పు మాదే, వరుస తెలియలేదు. మూడు నెలలు అక్క ఇంటి అద్దె నేను కట్టాను. దాని గురించి ఆవిడ ఇప్పటికీ మొహమాటపడుతుంది, నాకు అదే కోపం. ఆధార్‌లో పేరు రెండుసార్లే, లింగం ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకుని, పీపీవోలోనూ ఆధార్‌లోనూ ఒకేలా పడేలా చూసుకోండి.

వన్‌టౌన్ వాసి:
ఎవరినీ నొప్పించాలని కాదు. పింఛను వస్తోంది కదా, ఈ వయసులో ఇంత తిరుగుడు ఎందుకు? పాత పేరుతోనే నెట్టుకురావచ్చు.

బ్రాడీపేట హవల్దార్:
నెట్టుకొచ్చాను సార్, పన్నెండేళ్లు. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో మగ పేరు పిలిస్తే నేను లేచి వెళ్తాను, హాలంతా తలతిప్పి చూస్తుంది. అది అలవాటైంది. రేపు నేను పోతే? మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, పీపీవోలో మరొకటి ఉంటే పింఛను ఆపించడానికి కూడా మా చెల్లెలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. చచ్చినదాన్ని నేనేనని రుజువు చేయడానికి నేను రాలేను కదా.

ఉండవల్లి:
నాకొక భయం ఉంది. నేనూ మాజీ నావికుడినే, ఇంకా ఎవరికీ చెప్పలేదు. 2017లో విశాఖలో నౌకాదళంలో పనిచేస్తున్న ఒకరిని శస్త్రచికిత్స తర్వాత సర్వీసు నుంచి తీసేశారని పత్రికల్లో చదివాను. నేను దరఖాస్తు పెడితే పింఛనుకు ఎసరు వస్తుందా?

పటమట సాబ్:
ఆమె అప్పటికి ఉద్యోగంలో ఉన్నారు. మీరు సర్వీసు పూర్తిచేసి వచ్చారు, ఆ పింఛను మీరు సంపాదించుకున్నది. పేరు మార్పు అడిగినంత మాత్రాన అది పోదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చని చెప్పింది. గుర్తింపు ధ్రువపత్రానికి వైద్య పరీక్ష అక్కర్లేదని 2019 చట్టం కింద 2020లో వచ్చిన నియమాల్లో రాశారు. ఇప్పుడు చెప్పాలా, తర్వాతా అన్నది మీ ఇష్టం. తొందరేమీ లేదు తమ్ముడూ. తమ్ముడనే అననా, చెల్లెమ్మా అననా?

ఉండవల్లి:
ఇక్కడైతే చెల్లెమ్మా అనండి.

మంగళగిరి నుంచి డాలస్:
ఇక్కడ మా ఆఫీసులో ఒక మాజీ సైనికురాలు ఇదే పని చేయించుకున్నారు. అమెరికాలో డిశ్చార్జి కాగితాన్ని డీడీ-214 అంటారు. పేరు మార్చమని డీడీ-149 అనే ఫారం నింపి, ఆయా దళానికి ఉండే రికార్డుల సవరణ బోర్డుకు పంపాలి. మనకు అలాంటి బోర్డు ఉందా?

పటమట సాబ్:
లేదు. రికార్డ్ ఆఫీసు ససేమిరా అంటే సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది, చెన్నైలో బెంచి ఉంది. అది ఆఖరి మెట్టు, ముందే ఎక్కవద్దు.

తెనాలి సోదరి:
ధ్రువపత్రం ఇంకా తీసుకోనివారికి ఒక మాట. దరఖాస్తు నాటికి ఆ జిల్లాలో ఏడాదిగా ఉంటూ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మా చుట్టాలకు తికమక వచ్చింది. రేపల్లె చిరునామా ఉన్నవాళ్లు గుంటూరు అని పెట్టారు, అది ఇప్పుడు బాపట్ల జిల్లా.

బ్రాడీపేట హవల్దార్ (ఎనిమిది నెలల తర్వాత):
ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకోకండి. సాబ్ చెప్పిన వరుసలోనే వెళ్లాను. మొదటిసారి దరఖాస్తు తిరిగి వచ్చింది, గెజిట్ ప్రకటన లేదని. ధ్రువపత్రం ఉంటే చాలు కదా అని నియమం చూపించి వాదించవచ్చు, నాకు ఓపిక లేక గెజిట్‌కు డబ్బు కట్టేశాను. రెండోసారి ఒక ఫోను వచ్చింది. అవతల గొంతు హిందీలో నంబరు అడిగింది, యూనిట్ అడిగింది, తర్వాత మచ్చ ఎక్కడ అని అడిగింది. చెప్పాను. "ఠీక్ హై, మేడమ్" అన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాను.

పోయిన వారం కారిజెండం పీపీవో వచ్చింది. కొత్త పేరు, దాని పక్కనే "పూర్వపు పేరు" అని పాతది. ఆ రెండో ముక్క చూడగానే ఒళ్లు మండింది. పాత పేరుతో ఉన్న పదిహేడేళ్ల లెక్క నాకు చెందాలంటే ఆ ముడి ఉండాలని సాబ్ ఫోనులో సర్దిచెప్పారు. ఒప్పుకున్నాను, ఇష్టంగా కాదు. సర్వీసు నంబరు మాత్రం అదే. సవరించిన పత్రానికి పాత నంబరే ఉండాలని నియమాల్లోనే ఉందట. ఆధార్ ఆ తర్వాతే మార్చాను. క్యాంటీన్ కార్డు ఇంకా రాలేదు.

ఒకటి మిగిలింది. నా తొమ్మిదేళ్ల సేవా పతకం అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. గుంటూరులో ఒక కంసాలిని అడిగితే "అరగదీసి కొత్తది చెక్కుతానమ్మా, గంట పని" అన్నాడు. తీసుకుని వెళ్లాను, బల్ల మీద పెట్టాను, మళ్లీ రుమాల్లో చుట్టుకుని తెచ్చేసుకున్నాను. మీలో ఎవరైనా చెక్కించారా?

ఉండవల్లి:
చెక్కించలేదు అక్కా. నేను దరఖాస్తు ఇవాళే టైపు చేయించాను. మొదటి వరుసలో నంబరే పెట్టాను.