గూని చేపలు: నేరం పరాన్నజీవిదా, కాలుష్యానిదా?

(నదిగట్టు, వెన్నుపూస, తెప్ప: ఈ చర్చలో మాట్లాడుకుంటున్న ముగ్గురి పేర్లు.)

నదిగట్టు: నదిలో వెన్ను వంకరపోయిన చేపలు గుంపులుగా పడుతున్నాయంటే కాలుష్యమే కారణమనాలి. సీసం, కొన్ని పురుగుమందులు వెన్నెముకను వంచుతాయని ప్రయోగశాలల్లో తేలిందే కదా.

వెన్నుపూస: వంచగలవు, కాదనను. ఈ చేపను వంచింది అవేనా అన్నది వేరే ప్రశ్న. అమెరికాలోని విల్లమెట్ నదిలో, న్యూబర్గ్ పూల్ అనే భాగంలోని వంకర చేపల విషయంలోనూ మొదట రసాయనాలనే అనుమానించారు. తీరా ఎముకలు కోసి చూస్తే, నార్దర్న్ పైక్‌మిన్నో చేపల్లో దెబ్బతిన్న వెన్నుపూసల దగ్గరే అపోఫాలస్ అనే ట్రెమటోడ్ (చదునైన పరాన్నజీవి పురుగు) లార్వాల తిత్తులు కనిపించాయి.

నదిగట్టు: తిత్తులు వంకర లేని చేపల్లోనూ ఉంటాయి గదండీ. ఉన్నంత మాత్రాన అవే వంచాయనగలమా?

వెన్నుపూస: అనలేం. అందుకే తిత్తి ఉందా లేదా అని కాదు, ఎక్కడుందో చూడాలి. కండలో ఉంటే వెన్నుకు పెద్ద నష్టం లేదు. ఎదిగే ఎముకకు ఆనుకుని ఉండి, చుట్టూ ఎముక అడ్డదిడ్డంగా పెరిగి ఉంటే అది సాక్ష్యం. అదే వయసున్న, అదే చోట పట్టిన వంకర లేని చేపలతోనూ తప్పక పోల్చాలి. ముందు ఎక్స్‌రే తీయండి, తర్వాత ఆ పూసనే కోయండి. చేపను ఫ్రీజర్‌లో పెట్టకండి: మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి, సూక్ష్మదర్శిని కింద ఏమీ తేలదు. పొట్ట చీల్చి, చేప పరిమాణానికి పది రెట్లు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో (ఆమ్లంగా మారకుండా లవణాలు కలిపిన, కణజాలాన్ని చెడకుండా ఉంచే ద్రవంలో) వేయాలి. బఫర్ లేకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి ఎముకలోని కాల్షియాన్నే కరిగిస్తుంది.

తెప్ప: కరెంటుతో చేపలు పట్టే సర్వేల్లో మరో చిక్కుంది. షాక్‌కి కండలు ఒక్కసారిగా బిగిసి పూసలు విరుగుతాయి. తాజా దెబ్బైతే వెన్ను పక్కన రక్తం గడ్డకట్టి ఉంటుంది. మానిన పాత దెబ్బ మాత్రం పుట్టువంకరలాగే కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి ఏ పద్ధతిలో పట్టారో రాయని లెక్కలను నేను నమ్మను.

వెన్నుపూస: మంచి మాట చెప్పారు. ట్రౌట్ చేపల్లో అయితే మిక్సోబోలస్ సెరెబ్రాలిస్ అనే సూక్ష్మ పరాన్నజీవిని మరువకూడదు. బురదలో ఉండే ట్యూబిఫెక్స్ పురుగు నుంచి వచ్చి పిల్లచేపల మృదులాస్థిని తినేస్తుంది. తోక నల్లబడుతుంది, చేప గిరగిరా తిరుగుతుంది. ఎముక గట్టిపడ్డాక సోకితే వంకర అంతగా రాదు.

నదిగట్టు: సరే, పరాన్నజీవి వాటా ఒప్పుకుంటాను. కానీ ఎరువులు, మురుగు నీళ్లు కలిసి పాచి పెరిగితే దాన్ని మేసే నత్తలు పెరుగుతాయి, ట్రెమటోడ్‌కి అవే మొదటి ఇల్లు. ట్యూబిఫెక్స్‌కి సేంద్రియ బురదంటే పండగే. చేపతో పాటు అక్కడి నత్తలను, బురదను కూడా పరీక్షకు పంపాలి.