ఎయిర్ రైఫిల్ గుంపు నిలువుగా సాగుతోంది: తప్పు పెల్లెట్లదా, రెగ్యులేటర్‌దా?

భీమవరం దగ్గర 10 మీటర్ల సాధనకు వాడే .177 (4.5 మిల్లీమీటర్ల) పీసీపీ రైఫిల్ (ముందే నింపిన అధిక పీడన గాలితో కాల్చేది) గురించి సలహా కావాలండి. స్టాండుకు బిగించి కాల్చినా గుంపు (లక్ష్యం మీద పడ్డ గుర్తుల సమూహం) అడ్డంగా 6 మిల్లీమీటర్లు, నిలువుగా 10 వస్తోంది. పదో వలయం అర మిల్లీమీటరే కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) చదును తలవి, 0.53 గ్రాములవి. మిల్లీగ్రాములు చూపే త్రాసు మీద ఒకే డబ్బాలో 0.522 నుంచి 0.538 దాకా తేలాయి. బరువు వారీగా వేరుచేస్తే సాగుడు తగ్గిందే గానీ పోలేదు. తల కొలత 4.49, 4.50 మిల్లీమీటర్లు రెండూ చూశాం. స్కర్టు (పెల్లెట్ వెనక అంచు) నొక్కుకుపోయినవి అద్దం మీద దొర్లిస్తే తడబడతాయి, వాటిని ముందే ఏరేశాం.

అసలు అనుమానం వేరే. కాసేపు ఆపి కాల్చిన మొదటి పెల్లెట్టే పైకి పోతోంది, వెంటవెంటనే కాల్చినవి కుదురుగా పడుతున్నాయి. రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని స్థిరంగా ఉంచే భాగం) సీటు, అంటే దాని మూత ఆనే చోటు, సరిగా మూసుకోక గాలి మెల్లగా జారి, వాల్వు దగ్గర ఒత్తిడి పెరుగుతోందనిపిస్తోంది. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) లేకుండా దీన్ని తేల్చుకునే దారి ఉందా? మార్చాల్సింది సీటా, గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులా?

ఇంకోటి. ఈ చెరువుల గాలికి, తెరిచిన డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పడుతోంది. సీసం విషం కాబట్టి తొడుగు లేకుండా ముట్టుకోవడం లేదు. కడిగి ఆరబెడితే అంచులు దెబ్బతింటున్నాయి. పలచగా నూనె రాయొచ్చా? పెట్రోలియం నూనె అధిక పీడన గాలిలో అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఏ నూనె వాడాలో కచ్చితంగా చెప్పండి.