గోదావరి వరదకు ముందు ఇంటిని సిద్ధం చేసుకోవడంపై సలహా కావాలి

మాది భద్రాచలంలో కరకట్టకు దగ్గరగా ఉన్న పల్లపు వీధి. ఇక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అయితే 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరిన ప్రవాహాన్ని తలచుకుంటే, మూడవ హెచ్చరిక దాకా ఆగడం నాకు సబబుగా తోచడం లేదు.

బియ్యం, పత్రాలు, గ్యాస్ సిలిండరు మేడపైకి చేర్చుకోగలం, కరెంటు మెయిన్ ఆపుకోగలం. అసలు చిక్కు మరుగుదొడ్డితోనే వస్తోంది: కరకట్ట తూములు మూసినప్పుడు వాననీరు బయటకు పోయే దారి లేక, నది నీరు వీధిని తాకకముందే మురుగు ఇంట్లోకి ఎగదన్నుతుంది. పైపులో నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు బిగించుకున్నవారు ఎవరైనా ఉంటే, అది ఒండ్రుమట్టికి పట్టేయకుండా పనిచేసిందో లేదో, పాత ఇంటి పైపులకు అమరుతుందో లేదో దయచేసి తెలియజేయగలరు. సెప్టిక్ ట్యాంకును ముందుగా ఖాళీ చేయించమని ఇరుగుపొరుగు అంటున్నారు గానీ, చుట్టూ నేల నీటితో నిండినప్పుడు ఖాళీ ట్యాంకు పైకి లేచే ప్రమాదం ఉంది కదా. సిమెంటు వరలతో కట్టిన ట్యాంకుకూ ఆ భయం ఉంటుందా? అలాగే బోరు స్టార్టరు పెట్టెను మీరు ఎంత ఎత్తుకు మార్పించుకున్నారు?